తిట్టడం మానేసిన ఇల్లు

గ్రీమ్స్‌పేట, చిత్తూరు
24 అక్టోబరు 1998

వదినగారికి వరదమ్మ నమస్కారాలు.

దీపావళికి పిలిచి, మూడో రోజు మధ్యాహ్నమే బస్సెక్కించి పంపినందుకు మీ ఇంటిల్లిపాదికీ కృతజ్ఞతలు. కిటికీ పక్కన సీటు దొరికింది. పూతలపట్టు దగ్గర పక్కనున్నావిడ నా ముఖం చూసి, "ఎవురన్నా పోయినారామ్మా?" అని అడిగింది. "లేదు, నన్నే పంపించినారు" అన్నాను. 

మీరు వంటింట్లో ఉన్నారు కాబట్టి సగమే విని ఉంటారు. మిగతా సగం నేను రాస్తాను, నా కూతురు చెప్పే కథలో నేను రాక్షసినై ఉంటాను గనక. మన మనవడు జయచంద్ర నన్ను అడిగాడు, "అవ్వా, వచ్చే దీపావళికి నాకు కాళ్ళు బాగయిపోతే మిద్దెక్కి టపాకాయలు కాలుస్తా గదా?" అని. పదకొండేళ్ళ పిల్లవాడు కళ్ళలోకి చూసి అడిగితే నేను గోడ వైపు చూసి జవాబు చెప్పలేను. "మిద్దె మీదికి మీ నాయన ఎత్తుకుపోతాడు. కాళ్ళు బాగవుతాయని మాత్రం నేను చెప్పలేను నాయనా" అన్నాను. అంతే. అంతలో నవీన వచ్చింది. నా సంచీ సర్దింది. నా కూతురు చీరలు అంత నున్నగా మడత పెట్టగలదని నాకు అప్పుడే తెలిసింది.

వదినగారూ, వేలూరు డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఒక్కో కండా కరిగిపోతుందని, కాళ్ళ తర్వాత చేతులు, చేతుల తర్వాత ఊపిరి అని, మందు లేదని ఆయన మనకు విడమరిచి చెప్పాడు. అంతకు ముందు మనిద్దరం ఏం చేశామో గుర్తుందా? వాడి పిక్కలు లావుగా ఉన్నాయని మురిసిపోయి, అది మా వైపు పోలికని నేను, మీ వైపు పహిల్వాన్ల పోలికని మీరు పందెం వేసుకున్నాం. ఆ లావే జబ్బని తెలిశాక ఇద్దరం పోలిక వదిలేసుకున్నాం.

ఇప్పుడు ఈ సంగతి మీ వీధిలో కిళ్ళీ కొట్టువాడికి కూడా తెలుసు. తెలియనిది జయచంద్ర ఒక్కడికే. వాడికి చెప్పాలి. నవీన చెప్పకపోతే మీరు చెప్పండి. మీరూ చెప్పకపోతే నేను చెబుతాను, మీ గడప తొక్కనిస్తే.

వరదమ్మ


తాతయ్యగుంట, తిరుపతి
16 నవంబరు 1998

వదినకు నాగులమ్మ రాసేది.

మీరు అని రాశావు. ఇన్నేళ్ళ సంబంధంలో నాకు మీరు అని రాయడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్ళిలో మావాళ్ళు పోసిన సాంబారు గురించి. కాబట్టి కోపం ఎంతో నాకు అర్థమయింది. నాది ఎనిమిదో తరగతి చదువు, ఈ ఉత్తరంలో తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపొద్దు. పోయినసారి పోస్టుమాన్ చదివి నవ్వినాడు.

నవీన నీకు కూతురే కావచ్చు. రోజూ చూసేది నేను. పొద్దున లేస్తూనే వాడి మడమలు పట్టుకుని సాగదీస్తుంది, బిగుసుకుపోకుండా. వాడు ఏడిస్తే కూడా ఆపదు. బడికి ఎత్తుకుని పోతుంది, మధ్యాహ్నం పోయి ఒంటికి పోయించి వస్తుంది, సాయంత్రం ఎత్తుకుని తెస్తుంది. నా కొడుకు గుణశేఖర్ అంగడి కట్టేసి వచ్చేసరికి దాని నడుము వంగనంటుంది. అంత చేసేదానికి ఒక అబద్ధం ఆసరాగా ఉంటే ఉండనీ. నువ్వు వచ్చి ఒక్క మాటతో దాన్ని లాగేస్తివి. దానికి కోపం రాదా? అత్తనయిన నేనే దాని పక్క నిలబడాల్సి వచ్చింది. వీధిలో నా పరువు ఏమి కావాల?

ఒక మంచి సంగతి. ఆసుపత్రిలో పిల్లలకు కసరత్తులు చేయించే ప్రేమానందం అని ఒకాయన ఉన్నాడు. ఇట్లాంటి పిల్లలున్న ఇళ్ళవాళ్ళను రెండో శనివారం ఒక బడి గదిలో కూర్చోబెడుతున్నాడు. నవీన పోనంటే నేను తోసుకుని పోయినాను. మొదట ఎవరూ నోరు విప్పలేదు. అందరం పెళ్ళిచూపులకు వచ్చినట్టు నేల చూస్తా కూర్చున్నాం. ఆయన టీ పోసి ఇచ్చినాడు. అప్పుడు నాయుడుపేట నుంచి వచ్చిన అక్కమ్మ అనే ఆమె అడిగింది, "అమ్మా, మీరంతా పిల్లోళ్ళను దొడ్డికి ఎట్ల కూసోబెడతారు? నా కొడుకు నాకంటే బరువైపోయినాడు." అంతే వదినా, అందరికీ నోళ్ళు వచ్చేసినాయి. ఒకాయన కుర్చీకి నడుమ బొక్క కోసినానన్నాడు. ఇంకొకామె ముసలి మామకు చేసే పద్ధతి చెప్పింది. నవీన రెండేళ్ళలో మొదటిసారి బయటివాళ్ళతో నవ్వడం చూసినాను. దేని గురించి నవ్వినామో నీబోటి చదువుకున్నదానికి రాయకూడదు.

అక్కమ్మ కొడుకు వెంకటముని. పదహారేళ్ళు. చక్రాల కుర్చీలో ఉంటాడు, వేళ్ళు తప్ప ఏమీ కదలవు. పులిజూదంలో మాత్రం నోటితో ఎత్తులు చెప్పి మన జయచంద్రను ఓడించినాడు. "నీది తలకాయా, బూడిద గుమ్మడికాయా?" అన్నాడంట. మనవాడు దారంతా అదే చెప్పుకుని నవ్వుకున్నాడు. నెలంతా ఇంక రెండో శనివారం ఎప్పుడని ప్రాణం తీస్తాడు.

కొంచెం ఓపిక పట్టు. ఇప్పుడే రావద్దు.

నాగులమ్మ


చిత్తూరు
21 జనవరి 1999

నాగులమ్మ వదినకు,

నువ్వు అనే రాస్తున్నాను, గమనించు.

ఓపిక పట్టమన్నావు. పట్టి చూశాను. నాకు కుదరడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీలో ఉంటున్నాను. బీరువా సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దాను. నిన్న బస్టాండుకు వెళ్ళి తిరుపతి బస్సు పక్కన నిలబడి, కండక్టరు "ఎక్కుతావా లేదా పెద్దమ్మా?" అని అరిస్తే "ఆలోచిస్తున్నాను" అని చెప్పి తిరిగి వచ్చాను. అతడు నన్ను పిచ్చిదాన్ననుకుని ఉంటాడు. అనుకోనీ.

పండుగ సెలవుల్లో నవీన వాణ్ణి కుప్పం అవతల ఎవరో ఆకుపసరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయిందని గుణశేఖర్ ఫోనులో చెప్పాడు. మూడు బస్సులు మారి. ఆ పసరు తాగి వాడు రెండు రోజులు వాంతులు చేసుకున్నాడట. అంతకు ముందు నెల తమిళనాడులో ఎక్కడో నూనె వైద్యం. దీన్నే నువ్వు ఆసరా అన్నావు. వదినా, ఆ అబద్ధం వాణ్ణి ఊరికే కూర్చోబెట్టడం లేదు, బస్సుల్లో తిప్పుతోంది. బాగవుతుందని చెప్పాక, బాగు చేసేవాణ్ణి వెతకాలి కదా.

నేను బడిలో పాఠాలు చెప్పేటప్పుడు ఒకటి చూశాను. ఇంట్లో ఎవరైనా పోతే పిల్లలకు చెప్పరు, ఊరికెళ్ళారంటారు. ఆ పిల్లలు కొన్నాళ్ళు ఎదురుచూస్తారు. తర్వాత అడగడం మానేస్తారు. పెద్దవాళ్ళేమో మరిచిపోయారని సంతోషిస్తారు. కానీ వాళ్ళ అమ్మ పక్క ఊరి సంతకు బయల్దేరితే ఆ పిల్ల కొంగు పట్టుకుని వేలాడుతుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాదు. మన జయచంద్ర అడగడం మానేశాడా? అది ఒక్కటి చూసి నాకు రాయి.

మీ రెండో శనివారం గుంపులో అవ్వలను చేర్చుకుంటారా? దొడ్డికి కూర్చోబెట్టే విషయాలు వినడానికి నా చదువు అడ్డం రాదని ప్రేమానందానికి చెప్పు.

వరదమ్మ


తిరుపతి
16 మార్చి 1999

వదినా,

ముందు చెడ్డది రాసేస్తాను. వెంకటముని పోయినాడు. జలుబు చేసి రొమ్ములోకి దిగింది. దగ్గడానికి కూడా బలం లేక, మూడు రోజుల్లో అయిపోయింది. ప్రేమానందం ఇంటికి వచ్చి వాకిట్లోనే చెప్పినాడు. నవీన విని లోపలికి పోయి బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

ఈ రెండో శనివారం పోలేదు. ఇంక పోదంట. "అత్తా, ఆడికి పోతే రేపు ఏమైతాదో అంతా కండ్ల ముందర కూసోని ఉంటాది" అనింది. అక్కమ్మ మాత్రం వచ్చిందంట. కొడుకు లేకుండా, ఒక్కతే నాయుడుపేట నుంచి వచ్చి, అందరికీ టీ పోసి పోయిందంట.

జయచంద్ర అడిగినాడు, వెంకటమునన్న యాడ అని. నవీన నోటికి ఏమి వచ్చిందో, శ్రీహరికోటలో పని దొరికింది, ఆడికి పోయినాడు అనింది. "ఏం పని?" "రాకెట్ల లెక్కలు రాసే పని." వాడు దాని ముఖం కొంచెంసేపు చూసి, "సరే, ఆయనకు ఉత్తరం రాస్తా" అన్నాడు. రాసి ఇచ్చినాడు. రోజూ జవాబు వచ్చిందా అని అడుగుతాడు. నువ్వు అడిగినావే, వాడు అడగడం మానేసినాడా అని. కాళ్ళ సంగతి అడగడం ఎప్పుడో మానేసినాడు. దీన్ని మాత్రం అడుగుతాడు.

ఇంకొకటి చెప్పాల. నిన్న పాలగ్లాసు కావాలనే చేత్తో తోసేసినాడు. నేను చూసినాను, కావాలనే. నవీన ఒక్క మాట అనకుండా తుడిచింది. నేనూ అనలేదు. అప్పుడు నన్ను అడిగినాడు:

"అవ్వా, ముందు నన్ను సచ్చినోడా అని తిడతా ఉంటివి గదా. ఇప్పుడేల తిట్టవు?"

"నువ్వు మంచోడివైపోతివి, అందుకే."

"పాలు పోసేసినా గదా."

"పోతే పోనీలే."

"పక్కింటి రాజాని పొద్దన్నుంచి నాలుగుసార్లు సచ్చినోడా అన్న్యావు. వాడు ఏమీ పొయ్యలా."

మా వీధిలో ఆ మాట ఎట్లాంటిదో నీకు తెలుసు. ముద్దొచ్చినా అదే, కోపమొచ్చినా అదే, అన్నం తినకపోయినా అదే. వాణ్ణి పుట్టినప్పటి నుంచీ నేను పిలిచింది ఆ మాటతోనే, జయచంద్ర అని బడిలో పిలుస్తారు. వేలూరు నుంచి వచ్చినాక ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. మానేద్దామని ఎవరూ చెప్పుకోలేదు. దాంతోపాటు మిగతా తిట్లు కూడా పోయినాయి. వాళ్ళ నాయన తిట్టడు, బడిలో అయివారు తిట్టడు, నేను తిట్టను. ఇంట్లో అందరం అతిథులతో మాట్లాడినట్టు మాట్లాడుకుంటున్నాం.

ఇప్పుడు నా మనవి. నీకు ఎట్లాంటి దస్తూరి కావాలన్నా వస్తుంది కదా. వెంకటముని రాసినట్టుగా ఒక జవాబు రాసి పంపు. నాలుగు మాటలు చాలు. నవీన అడగమంది. నేరుగా అడగడానికి దానికి ముఖం చెల్లక నా చేత రాయిస్తోంది.

నాగులమ్మ


చిత్తూరు
20 మార్చి 1999

వదినా,

రాయను.

పిల్లలు తండ్రుల పేరుతో పెట్టే దొంగ సంతకాలు పట్టుకోవడమే నా ఉద్యోగంలో సగం పని. ఈ వయసులో నాచేత ఒక చనిపోయిన పిల్లవాడి దొంగ సంతకం పెట్టించకండి. ఒకటి రాస్తే రెండోది కావాలంటాడు. తర్వాత వెంకటముని సెలవు మీద ఎందుకు రాడని అడుగుతాడు. శ్రీహరికోటలో సెలవులుండవని నువ్వు చెబుతావు. అక్కమ్మ ఎక్కడో ఎదురుపడుతుంది. అప్పుడు ఆ తల్లికి కూడా ఈ నాటకం నేర్పుతావా, నీ కొడుకు రాకెట్లు లెక్కపెడుతున్నాడని చెప్పమ్మా అని?

కోపంగా రాశాను. రాసి చదివితే ఇంకా కోపంగా ఉంది. అయినా దిద్దడం లేదు.

రెండో సంగతి గురించి. వదినా, వాడికి తెలిసిపోయింది. పూర్తిగా కాకపోవచ్చు, కానీ ఏదో పెద్దదే ఉందని తెలిసింది. మీరు దాచిందంతా వాడు మీ మర్యాదలోంచే చదివేశాడు. ఇప్పుడు పాలు పారబోసి పరీక్ష పెడుతున్నాడు, మీరు ఫెయిలవుతున్నారు.

నన్ను రానివ్వండి. నేను తిడతాను. నాకు జీతమిచ్చి మరీ తిట్టించారు, అలవాటుంది.

వరదమ్మ

నవీనకు ఈ ఉత్తరం చూపించకు. లేదా చూపించు. నాకు ఏదీ తోచడం లేదు.


తిరుపతి
22 ఏప్రిల్ 1999

వదినా,

నీ ఉత్తరం చూపించలేదు. చదివి వినిపించినాను. మరుసటి రోజు నవీన నన్ను అడిగింది, "అమ్మ మళ్ళీ ఏమన్నా రాసిందా?" అని. రాయలేదంటే, "ఎప్పుడూ అంతే, కావాల్సినప్పుడు రాయదు" అనింది. మీ తల్లీకూతుళ్ళ మధ్య నేను ఏ మాట ఎటు మోయాలో నాకు తెలియడం లేదు.

రమ్మని మాత్రం ఇంకా అనలేదు. ఇప్పుడు ఇల్లంతా వేరే గొడవ.

జబ్బని తెలిసిన ఏడాది నేను మా గంగమ్మకు మొక్కుకున్నాను, జాతరలో నా మనవడికి వేషం కట్టిస్తానని. ఏ వేషమో చెప్పడం మరిచిపోయినాను. ఆత్రంలో మొక్కుకుంటే అట్లే ఉంటుంది. మీ చిత్తూరు జాతర సంగతి వేరు. ఇక్కడ రోజుకొక వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. నవీన దొర వేషమని నిర్ణయం చేసి కోటు కూడా కుట్టించింది. మెత్తటి కుర్చీలో దొరలాగా కూర్చోబెట్టి తిప్పుదామని, చూసేవాళ్ళకు కుర్చీ కూడా వేషంలో భాగమనిపిస్తుందని. పాపం, అంత దూరం ఆలోచించింది.

వాడు కాదన్నాడు. బండ వేషం కట్టమన్నాడు.

ఆ వేషం ఏమిటో నీకు తెలుసు, ఒకసారి మా వాకిట్లో చూసి నువ్వు చెవులు మూసుకుని లోపలికి పోయినావు. ఒంటికంతా కుంకుమ పూసుకుని, కాటుకతో మీసాలు దిద్దుకుని, వేపమండలు పట్టుకుని, కనబడినవాళ్ళనల్లా నోటికొచ్చిన బూతు తిట్టడం. తిట్టించుకున్నవాళ్ళు కోపం చేసుకోకూడదు. ఆ పూట ఆ నోరు పిల్లోడిది కాదు, గంగమ్మది.

వేషాలు కట్టే దేవరాజులు దగ్గరికి నవీన పోయి మొరపెట్టుకుంది, ఏదో ఒకటి చెప్పి దొర వేషానికి ఒప్పించమని. ఆయన వక్క నములుతా ఏమన్నాడో విను. "మొక్కు ముసిలామెది. వేషం పిల్లోడిది. వాడు యాది అడిగితే అది కట్టాల. నేను మారిస్తే ఆ తల్లి నన్ను తంతాది."

"నీకు తిట్లే రావు గదరా" అన్నాను నేను. నిజమే, ఇంట్లో విని నేర్చుకోవడానికి రెండేళ్ళుగా ఎవరు తిట్టినారు? వాడు ఆలోచించి, "చిత్తూరవ్వకు రాయి. ఆ యవ్వకు వచ్చు. ఆమెను బస్సెక్కించి పంపించేసినారు గదా. ఆమెకు కోపం ఉంటాది. బాగా పంపిస్తాది" అన్నాడు.

వాడు అడిగింది రాసినాను. పంపుతావో లేదో నీ ఇష్టం.

నాగులమ్మ


చిత్తూరు
3 మే 1999

నాగులమ్మ వదినకు,

ఇన్నేళ్ళు పిల్లల నోళ్ళు కడిగిన దాన్ని. రిటైరయ్యాక మనవడికి తిట్లు సరఫరా చేయాల్సి వస్తుందని ఏ జాతకమూ చెప్పలేదు.

మూడు రోజులు పంపకూడదనే అనుకున్నాను. నాలుగో రోజు కూరగాయల సంతలో నాలుగు కొత్తవి విని నాకు తెలియకుండానే గుర్తుపెట్టుకున్నాను. అవి రాయలేను, నా కలానికి అలవాటు లేదు. నాకు వచ్చినవి వేరే రకం, పుస్తకాల తిట్లు. వాటితో ఒక లాభముంది. తిట్టించుకున్నవాడికి అర్థం కాదు, అందుకని ఎక్కువసేపు బాధపడతాడు. వాడికి ఇవి నేర్పు. శుంఠ. త్రాష్టుడు. అప్రాచ్యుడు. నిరక్షరకుక్షి. ఒత్తులు సరిగా పలకమను. ఒత్తు పలకని తిట్టు నాకు సమ్మతం కాదు. మిగతావి వాళ్ళ వీధి పిల్లలు నేర్పుతారు, నా పేరు చెప్పొద్దు.

ఇంకొక మాట. ఇది నవ్వుకు రాయడం లేదు. ఆ రోజు వాడు అందరినీ తిడతాడు. నవీనను కూడా తిడతాడు. నువ్వు వీధిలో వాళ్ళకు చెప్పే పద్ధతే దానికీ చెప్పు. కోపం చేసుకోకూడదు, నోరు మూయించకూడదు, లోపలికి పోకూడదు. వాడు ఏం తిడతాడో నాకు తెలియదు. అది ఆలోచిస్తూ కూర్చుంటే చేతులు ఆడడం లేదు. నేను ఆ వాకిట్లో ఉండాల్సింది. ఉండను. కాబట్టి నువ్వు దాని పక్కనే నిలబడు.

వరదమ్మ


తిరుపతి
15 మే 1999

వదినా,

నిన్ననే రాయాల్సింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది.

మొన్న పొద్దున దేవరాజులు వచ్చి వాణ్ణి ప్రేమానందం పంపిన చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టి కుంకుమ పూసినాడు. మెడలు, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో కూడా. కాటుకతో మెలితిప్పిన మీసం. ఒళ్ళో వేపమండ. వాడు అద్దం చూసుకుని, "అవ్వా, లోపల నేను ఉండానని ఎవురికీ తెలీదు గదా?" అన్నాడు. తెలియదన్నాను. గుణశేఖర్ కుర్చీ తోసినాడు, వెనక డప్పులు, వీధి పిల్లలు.

నీ తిట్లు బాగా పనికొచ్చినాయి. కిళ్ళీ కొట్టువాణ్ణి "అప్రాచ్యుడా" అన్నాడు. వాడు దండం పెట్టి, తర్వాత నా వెనకాలే వచ్చి, "అమ్మా, అంటే ఏంది? పెండ్లానికి సంబంధించిందా?" అని గుసగుసగా అడిగినాడు. రేషన్ అంగడాయన శుంఠ అయినాడు. వాళ్ళ అయివారు ఎదురొస్తే, "నన్ను ఏల తిట్టవురా త్రాష్టుడా? లెక్క తప్పు చేస్తే రాజా చెవి పిండుతావు, నా చెవి పిండవే? నా చెవికి జబ్బు లేదు గదా" అన్నాడు. ఆయన తల దించుకుని దండం పెట్టినాడు. ఒత్తులన్నీ సరిగానే పలికినాడు. నేను విన్నాను.

గుణశేఖర్‌ను వెనక్కి తిరిగి, "నువ్వు మూగోడివా నాయనా? అంగట్లో అందరితో అరస్తావు, ఇంటికొస్తే నోట్లో ఏం పెట్టుకోనుంటావు?" అన్నాడు. నా కొడుకు కుర్చీ తోస్తానే ఉన్నాడు. భుజాలు ఊగుతున్నాయి. డప్పులకు ఊగుతున్నాయని పక్కవాళ్ళు అనుకున్నారు.

తర్వాత మా వాకిలి. నవీన పసుపునీళ్ళ చెంబుతో నిలబడి ఉంది, వేషం కాళ్ళకు పోయడానికి. నువ్వు చెప్పినట్టే నేను దాని పక్కకు పోయినాను. వాడు డప్పులు ఆపమన్నాడు. ఆపినారు. ముందు పాత తిట్లే రెండు తిట్టినాడు, శుంఠా, దొంగముఖందానా అని. పిల్లలు నవ్వినారు. నవీన కూడా నవ్వబోయింది. అప్పుడు అన్నాడు:

"శ్రీహరికోటంట. రాకెట్లంట. సిగ్గు లేదా అమ్మా నీకు? వెంకటమునన్న సచ్చిపోయినాడు. నాకు తెలుసు. నేనూ సచ్చిపోతా. అదీ తెలుసు."

నవీన చెంబు పట్టుకునే ఉంది. అట్లే అడిగింది, "ఎవర్రా నీకు చెప్పింది?"

"ఎవురూ చెప్పలా. అందుకే గదా తిడతా ఉండేది."

వదినా, ఆ మాటకు నేనే లోపలికి పోబోయినాను. నవీన నా చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను నిలబెట్టి, అది కింద కూర్చుంది, గడప మీద కాదు, ఆ కుంకుమ రాలిన మట్టిలో, వాడి కాళ్ళ దగ్గర. "అవును నాయనా. సచ్చిపోయినాడు" అనింది.

"నాదీ అదే జబ్బా?"

"అదే."

"మరి చెప్పలేదేల?"

"నోరు రాలేదురా."

వాడి ముఖమంతా కుంకుమ, కండ్లు దాని మంటకే ఎర్రగా ఉన్నాయి, కాబట్టి ఏడుస్తున్నాడో లేదో నేను చెప్పలేను. తర్వాత, "సరే. నీళ్ళు పొయ్యి మా. ఒళ్ళంతా మండతా ఉండాది" అన్నాడు. అది పోసింది. వాడు కదిలితే సగం దాని ఒళ్ళోనే పడినాయి. "సచ్చినోడా, కదలకుండా కూసో" అనింది. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు ఆ చెయ్యి లాగేసినాడు. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో.

అయిపోయిందనుకుంటే మొదలైంది. నిన్నటి నుంచి వాడు ప్రశ్నలు అడుగుతున్నాడు. అన్నం పెడుతుంటే అడుగుతాడు, మడమలు సాగదీస్తుంటే అడుగుతాడు. ఎప్పుడు? అన్న మాదిరి నాకూ దగ్గు వస్తాదా? ఊపిరి ఆగేటప్పుడు నొస్తాదా? నన్ను ఒక్కణ్ణే ఆసుపత్రిలో పెట్టేస్తారా? నేను పోయినాక మీరు ఇంకో పిల్లోణ్ణి కంటారా, వాడికీ ఇదే వస్తాదా? వచ్చే రెండో శనివారం అక్కమ్మను చూడాలంట. ఆమెను ఏమి అడుగుతావురా అంటే, అది మీకు చెప్పను అన్నాడు. కుప్పం పసరు సీసా మాత్రం నవీన తూములో పారబోసింది.

చెప్పమని నువ్వే పోరు పెట్టినావు. చెప్పినాము. చెప్పినాక ఇట్లా ఉంటుందని రాయలేదే?

నాగులమ్మ

అమ్మా, కింద ఈ చోటు అత్త నాకోసం వదిలింది. నువ్వు రా. నీ మీద కోపం పోలేదు. దీపావళి రోజు నువ్వు చెప్పింది నిజమేనని కూడా ఇప్పుడు రాయను. కానీ వాడు అడిగేవాటికి నా దగ్గర జవాబులు అయిపోయినాయి. నువ్వు రా.

నవీన


చిత్తూరు
18 మే 1999

నవీనకు, నాగులమ్మ వదినకు,

ఉత్తరం ఈ రోజు అందింది. రేపు తొలి బస్సుకు వస్తున్నాను. ఇది మీకు చేరేసరికి నేను మీ వంటింట్లో కూర్చుని సాంబారుకు వంకలు పెడుతుంటాను. అయినా రాస్తున్నాను. సంచీ సర్దడం అయిపోయింది, తెల్లవారడానికి చాలా టైముంది, చేతులకు ఏదో ఒక పని కావాలి.

వదినా, నువ్వు అడిగింది న్యాయమే. చెప్పాక ఎలా ఉంటుందో నాకు తెలియదు. చెప్పాలని మాత్రమే తెలుసు. అక్కడితో నా చదువు అయిపోయింది.

నవీనా, నీ కోపం ఉండనీ, దానికి తొందరలేదు. కానీ జవాబులు నా దగ్గర ఉన్నాయనుకుని పిలిచి ఉంటే నిరాశపడతావు. నా ఉద్యోగమంతా ప్రశ్నలు అడగడమే, జవాబులు పిల్లలే చెప్పేవాళ్ళు. నొప్పి గురించి, దగ్గు గురించి, ఆసుపత్రి గురించి ప్రేమానందాన్ని వాడి ముందే అడుగుదాం, వాడి చేతే అడిగిద్దాం. వాణ్ణి ఒక్కణ్ణే ఎక్కడా వదిలిపెట్టము అన్నది మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు, నేను రాగానే వాడికి చెప్పేద్దాం, అది మన చేతిలో ఉన్నది. మిగిలినవి అడిగినప్పుడు తెలియదనే చెప్పాలి.

తెలియదని నువ్వు ఒక్కదానివే చెప్పనక్కర్లేదు. నేనూ పక్కన కూర్చుని చెబుతాను. అప్పటికీ నమ్మకపోతే, మీ అత్తను కూడా కూర్చోబెడదాం.

అమ్మ